లైను మూసే మర్యాద

బల్ల కిందికి దూరడం సులువే. మళ్ళీ బయటికి రావడమే గగనం. యాభై నాలుగేళ్ళ నడుముకు ఈ సంగతి బాగా తెలుసు గాని, ఆ నడుము గల డిటెక్టివ్‌కు మాత్రం పూర్తిగా దూరాకే గుర్తొచ్చింది.

"ఏం వదినా, ఇరుక్కున్నావా? క్రేన్ తెప్పించమంటావా?" అంది పైనుంచి ఓ గొంతు.

ఆ గొంతు ఇన్‌స్పెక్టర్‌ది. స్వయానా ఆమె చెల్లెలి మొగుడు. ఇంట్లో ఎదురుపడితే కుర్చీలోంచి లేచి నిలబడేంత మర్యాదస్తుడు. కేసులో ఎదురుపడితే మాత్రం ఆమె మాట చెవిన పెట్టడమే పరువుతక్కువ అనుకుంటాడు.

"క్రేనెందుకు మరిదీ? నీ నోరు కాస్త మూస్తే గాలాడుతుంది, నేనే బయటికొస్తా."

వాకిట్లో నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. డిటెక్టివ్ మోచేతుల మీద పాక్కుంటూ బయటికొచ్చి, చీరకంటిన దుమ్ము దులుపుకుని, కళ్ళజోడు సర్దుకుంది.

గదిని మొత్తం ఆ బల్లే మింగేసింది. దాని మీద రెండు బొమ్మ రైలు లైన్లు, బయట పెద్దదొకటి, దాని లోపల చిన్నదొకటి. రేకు స్టేషను, అగ్గిపెట్టెంత టికెట్ గది, చేత్తో రంగులేసిన సిగ్నల్ స్తంభాలు. డెబ్బై ఏళ్ళ కిందటి ఎలక్ట్రిక్ రైళ్ళవి. ఇప్పటికీ కూత వేసుకుంటూ తిరుగుతాయి. వాటిని ఒక్కొక్కటిగా పోగుచేసిన పెద్దాయన ఒకప్పుడు కళ్ళజోళ్ళ షాపు నడిపాడు. షాపు మూసేశాక ఈ గదిలోనే కాపురం పెట్టాడని భార్య వేళాకోళం చేసేది. వీధంతా ఆయన్ని స్టేషన్ మాస్టర్ అనేవాళ్ళు. మొన్న ఆదివారం సాయంత్రం ఈ బల్ల పక్కనే, ఒక్కో చేతిలో ట్రాన్స్‌ఫార్మర్ తీగ ఇత్తడి పిన్ను ఒక్కోటి పట్టుకుని, వెల్లకిలా పడి ప్రాణం వదిలేశాడు.

రెండు చేతుల వేళ్ళకూ కాలిన మచ్చలున్నాయి. షాక్ కొట్టి పోయాడని డాక్టరు తేల్చేశాడు. కాని ఎలా కొట్టింది? ఆ పిన్నులు గోడ బోర్డులోంచి పీకేసి ఉన్నాయి మరి! పీకేసిన పిన్నుల్లో కరెంటెక్కడిది?

ఇన్‌స్పెక్టర్‌కు ఆ చిక్కు పెద్ద చిక్కుగా తోచలేదు. పోయినాయన తమ్ముణ్ణి నిన్ననే లాకప్‌లో వేశాడు. తమ్ముడు సినిమా హాల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాడు. ఆ పిన్నులున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆయన తెచ్చిందే. ఆదివారం అన్నతో నానా గొడవా పెట్టుకుని, తలుపు విసిరికొట్టి వెళ్ళాడు. ఆ కేకలు పక్కింటివాళ్ళు కూడా విన్నారు. అతను వెళ్ళిన కాసేపటికే అన్న చనిపోయాడు.

"సాయంత్రం ఐదింటికి జడ్జిగారి ముందు నిలబెడతా వదినా. హత్యే. నువ్వు నీ ఫీజు తీసుకుని ఇంటికెళ్ళి పడుకో."

ఆ మాట అన్నది ఎవరి ముందో ఆయన పట్టించుకోలేదు. గుమ్మం దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. మెడికల్ షాపులో పనిచేస్తుంది, ఆ లాకప్‌లో ఉన్నాయన కూతురు. డిటెక్టివ్‌ను పిలిపించింది ఆమే. హత్య అన్న మాట వినగానే ఆ పిల్ల ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఏడ్చాడు సార్, పెద్దనాన్న మాట్లాడట్లేదని. అలాంటి మనిషి చంపుతాడా?" అంది.

"చంపినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఏడ్చినవాళ్ళేనమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ పొద్దున్నే లాకప్‌కు వెళ్ళి తమ్ముడితో మాట్లాడి వచ్చింది. కథ విచిత్రంగానే ఉంది. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరికీ కలిపి తండ్రి ఒకే రైలు సెట్టు కొనిపెట్టాడు. తండ్రి పోయాక ఇల్లు పంచుకునేటప్పుడు రాని పేచీ ఆ బొమ్మ దగ్గర వచ్చింది. చివరికి ఇంజను అన్నకు, రైలు పెట్టెలూ ట్రాన్స్‌ఫార్మరూ తమ్ముడికి దక్కాయి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇంజను కదలదు, ఇంజను లేని ట్రాన్స్‌ఫార్మర్ తలుపుకు అడ్డం పెట్టుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇద్దరికీ పంతం. అన్న ఇంకో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కుని, కొత్త లైన్లేసుకుని, ఏకంగా రైల్వే సామ్రాజ్యమే కట్టుకున్నాడు. తమ్ముడు తన వాటాను ఒక అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టి, దాని ఊసే ఎత్తలేదు. రెండు వారాల కిందట ఆ తమ్ముడే అట్టపెట్టె చంకన పెట్టుకుని అన్న గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారట.

"మరి గొడవెందుకొచ్చింది?" అని అడిగితే తమ్ముడు చెప్పిన జవాబు డిటెక్టివ్ చెవిలో ఇంకా గింగురుమంటోంది.

"ఆ ఇంజను మాది కాదు మేడమ్. చిన్నప్పుడు నేను మెట్ల మీంచి పడేస్తే అడుగున ముక్క విరిగింది. నాన్న సీసం కరిగించి అతికించాడు. పెసరగింజంత బుడిపె ఉండాలి. ఇప్పుడున్న ఇంజనుకు అది లేదు. అమ్ముకున్నావా అని అడిగాను. అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. నేనూ నోరు జారాను."

డిటెక్టివ్ బల్ల మీది ఇంజనును తిప్పి చూసింది. అడుగుభాగం అద్దంలా ఉంది. బుడిపె లేదు సరికదా, అతికిన జాడ కూడా లేదు. రంగు కూడా పాతబడినట్టు కనిపించేలా ఎవరో శ్రద్ధగా అద్దిన రంగు.

"చూశావా మరిదీ? తమ్ముడు చెప్పింది నిజం. ఇంజను మారింది."

"మారితే ఏమైంది? అన్న అమ్ముకున్నాడు, తమ్ముడికి కడుపు మండింది, చంపాడు. నువ్వు తవ్వేకొద్దీ నా కేసు గట్టిపడుతోంది వదినా. తవ్వు, ఇంకా తవ్వు!"

డిటెక్టివ్‌కు ఒళ్ళు మండింది. అయినా పైకి తేలనివ్వకుండా టార్చి అందుకుని లైను వెంట పడింది. బొమ్మ రైలు పట్టాలు మూడుంటాయి. చక్రాలు నడిచేవి రెండు, నడిమిది కరెంటు తెచ్చేది. ఇక్కడ బయటి లైనుకు కరెంటు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ది, లోపలి లైనుకు తమ్ముడు తెచ్చిన చిన్నదానిది. రెండు లైన్లూ అక్కడక్కడా కలుస్తాయి, రైలు ఇటునుంచి అటు మారడానికి. కలిసిన ప్రతిచోటా నడిమి పట్టాల మధ్య అగ్గిపుల్లంత ఎర్ర ఫైబరు ముక్క దూర్చి ఉంది. ఫైబరులోంచి కరెంటు దూరదు. కాబట్టి ఎవరి కరెంటు వాళ్ళదే, ఇద్దరూ ఒక గోడకు చెరోపక్క కాపురమున్నట్టు.

ఒక్కచోట మాత్రం ఆ ముక్క ఎర్రగా లేదు. తళతళలాడుతోంది.

"ఇనుప పిన్ను," అంది డిటెక్టివ్. భూతద్దం పెట్టి చూసింది. పట్టా మూతి మీద పటకారు గాట్లు కొత్తగా ఉన్నాయి. "ఇక్కడున్న ఫైబరు ముక్క పీకేసి ఎవరో ఇనుప పిన్ను దిగ్గొట్టారు. అంటే రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకదానికొకటి తగులుకున్నాయి."

"తగులుకుంటే?"

పోలీసులకు తెలియని సంగతి ఒకటి డిటెక్టివ్‌కు తెలుసు. పూర్వం ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసినప్పుడు ఒక లైన్‌మన్ చనిపోయిన కేసు చూసింది. వీధిలో కరెంటు తీసేసి స్తంభమెక్కాడతను. ఎవరో ఇంట్లో జనరేటర్ వేసుకున్నారు. ఆ కరెంటు ఇంటి తీగల్లోంచి వెనక్కి వీధిలోకి పారి, వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో వందలై వేలై, పైనున్న మనిషిని కాల్చేసింది. కరెంటు ఎప్పుడూ ముందుకే పోతుందని నమ్మి పోయాడా అభాగ్యుడు.

"ఒక బల్బు పట్రండి, తీగలతో సహా," అంది కానిస్టేబుల్‌తో.

చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మరీ పాతకాలపుది. దాని తీగ చివర మామూలు ప్లగ్గు లేదు. రెండు ఇత్తడి పిన్నులు, విడివిడిగా, ఒక్కో తీగకు ఒక్కోటి. రెండు చేతులతో రెండూ పీకాల్సిందే. ఆ పిన్నులు ఇప్పుడు కూడా బోర్డులో లేవు. బల్ల అంచు మీంచి వేలాడుతున్నాయి. ఆమె వాటికి బల్బు తీగలు జాగ్రత్తగా చుట్టింది. తర్వాత అందర్నీ దూరం జరగమని, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం వేసింది.

గోడతో ఏ సంబంధమూ లేని ఆ పిన్నులకున్న బల్బు భగ్గున వెలిగింది.

"ఓరి నాయనో!" అంటూ ఇన్‌స్పెక్టర్ రెండడుగులు వెనక్కేసి కానిస్టేబుల్ కాలు తొక్కాడు.

"పెద్దది పట్టాల్లోకి పంపే కరెంటు ఆ ఇనుప పిన్ను మీంచి చిన్నదాంట్లోకి వెనకనుంచి దూరింది. గోడ కరెంటును బొమ్మ కరెంటుగా తగ్గించే మిషను అది. తిరగేసి తోస్తే బొమ్మ కరెంటును మళ్ళీ గోడ కరెంటు చేస్తుంది. రెండూ బోర్డుకు తగిలించి ఉన్నంతసేపూ ఏ తేడా తెలియదు. చిన్నదాన్ని పీకి, ఒక్కో చేత్తో ఒక్కో పిన్ను పట్టుకున్నవాడికి మాత్రం ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుంది. ఇది ప్రమాదం కాదు. పన్నిన ఉచ్చు."

ఇన్‌స్పెక్టర్ మొహం మెల్లగా విచ్చుకుంది. తన మాట తనకే ఎదురుతిరుగుతోందని డిటెక్టివ్‌కు అప్పటికి అర్థమైంది.

"శభాష్ వదినా! నాకు నిన్నటినుంచీ దొరకని ముక్క నువ్వే తెచ్చి చేతిలో పెట్టావు. మరి ఇంత లెక్క ఎవరికి తెలుస్తుందంటావు? కూరగాయలమ్మేవాడికా? ఎలక్ట్రీషియన్‌కి! ఆ డబ్బా తెచ్చిందెవరు? ఎలక్ట్రీషియన్! ఇంతసేపూ ఎలా చంపాడో చెప్పలేక నేను నీళ్ళు నములుతున్నా. ఇక జడ్జిగారికి బల్బు వెలిగించి మరీ చూపిస్తా."

గుమ్మం దగ్గరున్న అమ్మాయి డిటెక్టివ్ వైపు చూసిన చూపు మామూలు చూపు కాదు.

"మీరు మా నాన్న తరఫునా, ఆయన తరఫునా?" అంది.

డిటెక్టివ్‌కు సిగ్గేసింది. చిక్కుముడి విప్పే సరదాలో పడి, ఆ ముడి ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూసుకోలేదు. "కొంచెం ఓపిక పట్టమ్మా. ఉచ్చు ఎవరు పన్నగలరో తెలిసింది. ఎవరు పన్నారో ఇంకా తేలలేదు," అంది గాని, ఆ మాట ఆమెకే చాలినట్టు లేదు.

అంతలో టీ ట్రే పట్టుకుని ఒకాయన లోపలికొచ్చాడు. సన్నగా, నెమ్మదిగా, పక్కకు దువ్విన తెల్లజుట్టుతో, నోట్లో నాలుక లేనట్టుండే మనిషి. ఫోటో స్టూడియో ఉండేది ఆయనకు. స్టేషన్ మాస్టర్‌కు నలభై ఏళ్ళ స్నేహితుడు, ఆదివారం ఆటలో తోడు. వాళ్ళ ఆటలో అందరికీ రైల్వే ఉద్యోగాలే, ఈయన గార్డు. తక్కిన ఉద్యోగులంతా ఒక్కొక్కరే కాలం చేసి, చివరికి స్టేషన్ మాస్టరూ గార్డూ మిగిలారు. స్నేహితుడు పోయిన క్షణం నుంచీ ఈయనే ఇంటిని కాచుకుని ఉన్నాడు. టీ పెట్టడం, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, పోయినాయన భార్యకు మాత్రలివ్వడం అన్నీ ఈయనే.

ఆయన లోపలికి రాకముందే, అడుగుల చప్పుడు విని, డిటెక్టివ్ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆర్పేసి, బల్బు తీగలు కానిస్టేబుల్ చేత విప్పించింది. గార్డు బల్బు వెలగడం చూడలేదు.

"మీ ఆటలో రైలు ఆపేటప్పుడు ఏం చేస్తారండీ?" అని అడిగింది, టీ కప్పు అందుకుంటూ.

"అదొక మర్యాదమ్మా," అన్నాడు గార్డు, మొహంలో కాస్త వెలుగొచ్చింది. "లైను మూయడం అంటాం. రైళ్ళన్నీ షెడ్డుకు చేరాక ముందు చిన్న లైను, ఆఖర్న పెద్ద లైను. మూసేవాళ్ళు పిన్నులు పీకి, రెండు చేతుల్లో రెండూ జెండాల్లా పైకెత్తి, 'లైను మూశాను' అనాలి. అప్పటిదాకా ఇంజను మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మూశాకే ముట్టుకోవాలి."

"ఎవరు మూస్తారు?"

"ఇంకెవరు? స్టేషన్ మాస్టరే. ఎప్పుడూ వాడే."

"ఆ ఇంజను ఈమధ్య రిపేరుకు వెళ్ళిందా?"

గార్డు ట్రే సర్దుకున్నాడు. "వెళ్ళిందనుకుంటా. వాడే ఎవరో మెకానిక్‌కు పంపించుకున్నాడు. నాకు సరిగా తెలీదమ్మా. ఫోటోలు తీసేవాణ్ణి, ఈ తీగల గొడవ నాకు పట్టదు."

"నాకూ పట్టదు లెండి. అవిగో, ఆ పిన్నులు కాస్త ఇలా అందించండి, చూస్తాను."

ఆమె మాట మామూలుగానే ఉంది. చూపు మాత్రం ఆయన కళ్ళ మీదే ఉంది. గార్డు వేలాడుతున్న పిన్నుల వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన కళ్ళు పిన్నుల మీద లేవు. బల్లకు అవతలి చివరున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మీదికి పోయాయి. దాని ఎర్ర దీపం ఆరి ఉందని చూసుకున్నాకే ఆ చెయ్యి కిందికి దిగింది.

ఆయన అటు వెళ్ళి ట్రేలో కప్పులు సర్దుతుంటే డిటెక్టివ్ మరిదిని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది.

"చూశావా? పిన్నులు గోడకు తగిలించి లేవు. భయముంటే గోడవైపు చూడాలి. ఈయన పెద్ద డబ్బా వైపు చూశాడు. ప్రమాదం అక్కణ్ణించి వస్తుందని మనం కనిపెట్టి పావుగంట కాలేదు. తీగల గొడవ పట్టనాయనకు ఎలా తెలిసింది?"

"స్నేహితుడు పోయాడు కదా వదినా, మనిషి బెదిరిపోయి ఉన్నాడు. నాలుగువైపులా చూశాడు, అందులో అదో వైపు. 'ఆయన అటు చూశాడు యువరానర్' అంటే జడ్జిగారు నన్నే బయటికి చూపిస్తారు. అయినా ఆయనకేం పట్టింది? ఉన్నదొక్క స్నేహితుడు."

"ఇంజను ఎవరి చేతుల మీదుగా రిపేరుకు వెళ్ళిందో కనుక్కున్నావా?"

"అది తెలిసినవాడు చచ్చిపోయాడు కదా!"

"అదే కదా నేను చెప్పేది," అంది డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుని, "మూడున్నర. ఇంకో గంట ఇస్తా. నా పెళ్ళాం మొహం చూసి ఇస్తున్నా," అన్నాడు.

పోయినాయన భార్య ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఆదివారం నుంచీ ఆమె ఆ రైళ్ళగదిలో అడుగుపెట్టలేదు. డిటెక్టివ్ ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. అమ్మాయి వెళ్ళి, పెద్దమ్మ పక్కన నిలబడాలా వద్దా అని సందేహించి, గోడ దగ్గరే ఆగిపోయింది. పెద్దమ్మ ఆ పిల్ల వైపు చూడనైనా లేదు. తన మొగుణ్ణి చంపాడని అందరూ అంటున్నవాడి కూతురాయె.

"అమ్మా, బాధగా ఉంటుందని తెలుసు. ఒక్కసారి ఆ సాయంత్రం చెప్పండి. మీ మరిది వెళ్ళిపోయాక ఏం జరిగింది?"

"ఏముంది? ఈయన మొహం మాడ్చుకుని కూలబడ్డాడు," అందామె. "మంచి ఆదివారం పాడైపోయిందని నాకు ఏడుపొచ్చింది. వారం పొడుగునా అదే ధ్యాస ఆయనకు. తమ్ముడొస్తాడు, తమ్ముడు లైను మూస్తాడు, మూశాక నాన్న కొన్న ఇంజను వాడి చేతిలో పెడతానని..."

డిటెక్టివ్ కప్పు కింద పెట్టింది. "తమ్ముడు మూస్తాడనా? ఎప్పుడూ స్టేషన్ మాస్టరే కదా మూసేది?"

"అది మామూలు రోజుల్లో. చుట్టం వస్తే చుట్టానిదే మర్యాద. మొదట్నుంచీ అంతే. అన్నయ్యకూ తెలుసు కదా, అడగండి." ఆమె చేత్తో చూపించింది. గార్డు ఖాళీ కప్పుల ట్రేతో వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది, పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన నాటినుంచీ.

ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకున్నవాడల్లా నిటారుగా నిలబడ్డాడు.

"తర్వాతేమైందమ్మా?" అంది డిటెక్టివ్ నెమ్మదిగా.

"మరిది ఆగలేకపోయాడు. లైను మూయకముందే ఇంజను ఎత్తి తిరగేశాడు. అక్కడ మొదలైంది రభస. వాడు వెళ్ళిపోయాడు. ఈయన ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఇంకెంతసేపని, నేనే పీకేద్దామని బోర్డు దగ్గర వంగాను. అన్నయ్య గభాల్న వచ్చి నా చెయ్యి పట్టి లాగేశాడు. ఎంత గట్టిగా లాగాడంటే, ఇదిగో చూడండి." ఆమె చెంగు తొలగించింది. మణికట్టు మీద నాలుగు వేళ్ళూ నల్లగా కమిలి ఉన్నాయి. "నీకెందుకు చెల్లెమ్మా, నువ్వు పక్కకు రా అన్నాడు. పాపం, నేనంటే అంత ఇది. ఆ మాటకు ఈయన లేచి, సరే నేనే మూస్తానని..."

ఆమె అక్కడ ఆగిపోయింది.

ఇక అడగవలసిన అవసరం లేదని డిటెక్టివ్‌కు తెలుసు. కొన్ని మాటలు నోట్లోంచి బయటికొచ్చాక గాని చెప్పినవాళ్ళకే వినపడవు. పెద్దావిడ తన మణికట్టునే చూసుకుంటోంది. చూసీ చూసీ మెల్లగా తలెత్తింది.

"అన్నయ్యా, నన్ను చెయ్యి పట్టి లాగావు కదా," అంది. "మరి ఆయన్నెందుకు లాగలేదు?"

గార్డు ట్రే ఎక్కడ పెట్టాలో తోచనట్టు అటూ ఇటూ చూశాడు. ఎవరూ అందుకోలేదు. ఇన్‌స్పెక్టర్ సైగ చెయ్యగానే కానిస్టేబుల్ వీధి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. వదిన వైపు చూసే ధైర్యం మాత్రం ఇన్‌స్పెక్టర్ చెయ్యలేదు.

"అది వాడి కోసం పెట్టింది కాదు చెల్లెమ్మా," అన్నాడు గార్డు చివరికి. గొంతు గుసగుసలా ఉంది. "ఒట్టు. వాడి మీద ఈగ వాలినా నేనోర్చుకోను."

"ఎవరి కోసం పెట్టావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గార్డు గోడ దగ్గరున్న అమ్మాయి వైపు చూసి, చూపు దించేసుకున్నాడు. ఆ చూపు చాలు. అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మా నాన్న కోసం," అంది వేళ్ళ సందుల్లోంచి. "లైను మూయాల్సింది మా నాన్న."

"మొదటి ఆదివారం వచ్చినప్పుడే తమ్ముడు అన్నాడు, వచ్చే వారం ఇంజను తిరగేసి నాన్న అతుకు చూసుకుంటానని," అన్నాడు గార్డు. ఎవరితో చెబుతున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. "ఆ ఇంజను అంతకుముందే రిపేరుకని స్టేషన్ మాస్టర్ నా చేతికిచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళాను. తిరిగివ్వబుద్ధి కాలేదు. అచ్చం అలాంటిదే చేయించి తెచ్చిచ్చాను. అసలుది నేను అమ్ముకోలేదమ్మా, మా ఇంట్లోనే ఉంది. రోజూ ఒకసారి తీసి చూసుకుంటాను, అంతే. ఇది వాడికి తెలిస్తే నా మొహం చూస్తాడా? నలభై ఏళ్ళు! ఈ ఇల్లు తప్ప నాకు వెళ్ళడానికింకో ఇల్లు లేదు. ఇన్నేళ్ళు ఈ తీగల మధ్యే గడిపాను, ఎక్కడ తగిలిస్తే షాక్ కొడుతుందో తెలుసు. తమ్ముడికి షాక్ కొడితే భయపడి మళ్ళీ ఈ గుమ్మం తొక్కడనుకున్నాను."

"భయపెట్టడానికి గుండెల మీదుగా పోయే కరెంటు పెట్టనక్కర్లేదు," అంది డిటెక్టివ్. ఈయన ఏడుపులో ఎంత నిజముందో, ఎంత అప్పటికప్పుడు కట్టిందో ఆమెకు అంతుచిక్కలేదు. స్టేషన్ మాస్టర్ బతికుంటే ఆ రాత్రో మర్నాడో తప్పకుండా అడిగేవాడు, ఇంజను నీకే కదరా ఇచ్చానని. ఆయన పోయాక ఆ ప్రశ్న అడిగే మనిషే లేడు. ఈ సంగతి గార్డుకు ఆ క్షణంలో తట్టలేదంటే ఆమె నమ్మదు.

పెద్దావిడ ఈ గొడవంతా వినిపించుకున్నట్టే లేదు. కుర్చీ చేతుల మీద బలం వేసి లేచింది. లేచి గార్డుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎవరి కోసం పెడితేనేం? ఆయన వంగడం చూశావు. ఒక పిన్ను పట్టుకున్నాడు, రెండోది వెతుక్కున్నాడు, తడుముకుంటూ ఎంతసేపు వెతికాడు! నువ్వు పక్కనే ఉన్నావు. ఒక్క మాట అంటే చాలుగా. ఎందుకనలేదన్నయ్యా?"

గార్డు ట్రే నేల మీద పెట్టేశాడు.

"ఆపితే, ఎందుకాపావని అడిగేవాడు చెల్లెమ్మా," అన్నాడు. "ఏం చెప్పను?"